పసిబిడ్డల ఇంటికి పెద్ద కుర్చీ: లండన్ ఫౌండ్లింగ్ హాస్పిటల్ కథ

ఈ ఎపిసోడ్ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం.

మీరు ఒక అనాథ పిల్లల సంస్థకి అధ్యక్షులు అనుకోండి. ఉన్న డబ్బు కొద్దిమంది పిల్లలకే సరిపోతుంది. గేటు బయట మాత్రం తల్లులు బిడ్డల్ని ఎత్తుకుని బారులు తీరి నిలబడుతున్నారు. చాలామందిని వెనక్కి పంపేయాల్సి వస్తోంది. అలాంటప్పుడు ప్రభుత్వం వచ్చి, "డబ్బు మేమిస్తాం. ఒకటే షరతు. తెచ్చిన ఏ బిడ్డనీ కాదనకూడదు" అంది. మీరేం చేస్తారు?

మనలో చాలామంది వెంటనే సంతకం పెట్టేస్తారు. నాకైనా చెయ్యి ఆగేది కాదేమో. సరిగ్గా ఇదే ప్రశ్న 1756లో లండన్‌లో ఒక బోర్డు ముందుకు వచ్చింది. వాళ్ళూ ఒప్పుకున్నారు. తర్వాత ఏం జరిగిందో తెలిస్తే, ఇలాంటి సంస్థల్లో పెద్ద కుర్చీలో కూర్చోవడం అంటే ఏంటో మనకి అర్థమవుతుంది. అందుకే ఈ కథ ఎంచుకున్నాను.

ముందు ఈ సంస్థ ఎలా పుట్టిందో చూద్దాం.

థామస్ కోరమ్ అని ఒక ఓడ కెప్టెన్ ఉండేవాడు. 1668 ప్రాంతంలో ఇంగ్లండ్ దక్షిణ తీరంలో లైమ్ రీజిస్ అనే చిన్న రేవు ఊళ్ళో పుట్టాడు. పదకొండేళ్ళకే ఓడ ఎక్కాడు. తర్వాత అమెరికాలోని మసాచుసెట్స్ వెళ్ళి ఓడలు కట్టే పని చేశాడు. 1700లో బోస్టన్‌లో యూనిస్ అనే ఆవిడని పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళకి పిల్లలు లేరు. 1704లో తిరిగి ఇంగ్లండ్ వచ్చాడు.

లండన్‌లో ఆయన ఉండేది నది పక్కన, రోథర్‌హిత్ అనే పేటలో. పని మీద తెల్లవారుజామునే నగరంలోకి వెళ్ళి, రాత్రికి తిరిగొచ్చేవాడు. ఆ దారిలో రోడ్డు పక్కన, చెత్తకుప్పల మీద వదిలేసిన పసిబిడ్డలు కనిపించేవాళ్ళు. కొందరు బతికి ఉండేవాళ్ళు, కొందరు అప్పటికే పోయి ఉండేవాళ్ళు. జనం చూసీ చూడనట్టు వెళ్ళిపోయేవాళ్ళు. కోరమ్ మాత్రం అలా వెళ్ళలేకపోయాడు.

1722 నుంచి ఆయన ఒకటే పట్టు పట్టాడు. ఇలాంటి బిడ్డల కోసం ఒక ఇల్లు కావాలి, దానికి రాజు అనుమతి కావాలి. పెద్దమనుషుల ఇళ్ళ చుట్టూ తిరిగాడు. ఒక్కరూ ముందుకు రాలేదు. ఎందుకంటే, "పెళ్ళి కాకుండా పుట్టిన పిల్లల్ని మనం పెంచితే తప్పుని ప్రోత్సహించినట్టు అవుతుంది" అనేది అప్పటి వాదన. ఈ వాదన మనకీ కొత్తేం కాదు కదా.

అప్పుడు కోరమ్ దారి మార్చాడు. మగవాళ్ళని పక్కనపెట్టి, పెద్ద ఇళ్ళ ఆడవాళ్ళని అడగడం మొదలుపెట్టాడు. 1729లో డచెస్ ఆఫ్ సోమర్సెట్ మొదటి సంతకం చేసింది. 1735 నాటికి అలా 21 మంది గొప్పింటి స్త్రీలు సంతకాలు పెట్టారు. భార్యలు ముందుకొచ్చాక భర్తలూ కదిలారు. చివరికి 1739 అక్టోబర్ 17న రెండో జార్జి రాజు చార్టర్ ఇచ్చాడు. చార్టర్ అంటే రాజముద్ర వేసిన అనుమతి పత్రం. మొదలుపెట్టి పదిహేడేళ్ళు గడిచాయి, కోరమ్‌కి డెబ్బై దాటాయి.

సంస్థ పేరు ఫౌండ్లింగ్ హాస్పిటల్. ఫౌండ్లింగ్ అంటే దొరికిన బిడ్డ. హాస్పిటల్ అంటే ఇక్కడ మందులిచ్చే ఆసుపత్రి అనుకోకండి, ఆ రోజుల్లో ఆశ్రయం ఇచ్చే చోటుని కూడా అలాగే పిలిచేవాళ్ళు.

ఇప్పుడు బోర్డు సంగతికి వద్దాం. చార్టర్‌లో 375 మందిని గవర్నర్లుగా పెట్టారు. ఇప్పటి మాటల్లో ట్రస్టీలు అనుకోవచ్చు. డ్యూకులు, ఎర్ల్‌లు, వ్యాపారులు, డాక్టర్లు అందరూ అందులో ఉన్నారు. అందరి పైన అధ్యక్షుడు డ్యూక్ ఆఫ్ బెడ్‌ఫోర్డ్, ఇంగ్లండ్‌లో బాగా కలిగిన కుటుంబాల్లో ఒకదాని పెద్ద. ఆయన 1771లో చనిపోయేదాకా అంటే ముప్పై ఏళ్ళకి పైగా ఆ కుర్చీ ఆయనదే. మరి మొదటి సంతకాలు పెట్టిన ఆ 21 మంది స్త్రీలు ఎక్కడ? 375 పేర్లలో ఒక్క స్త్రీ పేరూ లేదు. పాలిచ్చేది ఆడవాళ్ళు, పెంచేది ఆడవాళ్ళు, బిడ్డని తెచ్చి గేటు దగ్గర అప్పగించేది ఆడవాళ్ళు. లోపల బల్ల చుట్టూ కూర్చుని నిర్ణయాలు చేసేది మాత్రం మొత్తం మగవాళ్ళే.

అధ్యక్షుడికి పెద్ద పేరుండటం ఊరికే అలంకారం కోసమే అనుకోవద్దు. ఆ పేరుంటేనే విరాళాలు వస్తాయి, పార్లమెంటులో తలుపులు తెరుచుకుంటాయి. అయితే రోజువారీ పని వేరు. బిడ్డల లెక్క, దాదుల జీతం, పాల ఖర్చు, బట్టలు, ఇవన్నీ ఏటా ఎన్నికయ్యే జనరల్ కమిటీ చూసేది. టేలర్ వైట్ అనే ట్రెజరర్ పాతికేళ్ళకి పైగా ఈ సంస్థ బరువు మోశాడు. పేరున్న కుర్చీ ఒకటి, పని చేసే కుర్చీ ఇంకొకటి. చాలా సంస్థల్లో ఇప్పటికీ ఇదే పద్ధతి. ఈ రెండు కుర్చీల మధ్య మాట సరిగ్గా నడిచినంత కాలం ఇబ్బంది ఉండదు.

1741 మార్చి 25న హాటన్ గార్డెన్‌లో ఒక అద్దె ఇంట్లో తలుపులు తెరిచారు. రాత్రి ఎనిమిదికి, తల్లుల మొహాలు ఎవరికీ కనిపించకూడదని వాకిట్లో దీపం ఆర్పేశారు. అర్ధరాత్రికల్లా 30 మంది పిల్లలతో ఇల్లు నిండిపోయింది. ఇంకా ఎంతోమంది తల్లులు బయటే ఉన్నారు. చోటు దొరకనివాళ్ళు ఏడ్చారు, దొరికి బిడ్డని వదిలి వెళ్తున్నవాళ్ళూ ఏడ్చారు. చేరిన బిడ్డలకి కొత్త పేర్లు పెట్టారు. మొదటి మగబిడ్డ పేరు థామస్ కోరమ్, ఆడబిడ్డ పేరు యూనిస్ కోరమ్. అప్పటికి కోరమ్ భార్య చనిపోయి ఏడాది కూడా కాలేదు.

గేటు దగ్గర తోపులాటలు పెరగడంతో 1742లో బోర్డు ఒక పద్ధతి పెట్టింది. చీటీలు తీసినట్టు అన్నమాట. తల్లి ఒక సంచిలో చెయ్యి పెట్టి బంతి తీయాలి. తెల్ల బంతి వస్తే, బిడ్డకి అంటురోగం ఏదీ లేకపోతే, చేర్చుకుంటారు. ఎర్ర బంతి వస్తే ఆగాలి, తెల్ల బంతి వచ్చిన బిడ్డల్లో ఎవరైనా పరీక్షలో తప్పిపోతే ఆ చోటు మీకు. నల్ల బంతి వస్తే బిడ్డని తీసుకుని వెనక్కి వెళ్ళిపోవాలి.

వినడానికే కష్టంగా ఉంది కదా? నాకూ అలాగే అనిపించింది. కానీ ఒకసారి బోర్డు వైపు నుంచి చూడండి. ఉన్న ఊయలలు ఇన్ని, పాలిచ్చే దాదులు ఇంతమంది. సిఫార్సుకి, లంచానికి చోటివ్వకుండా ఎవర్ని తీసుకోవాలి? బంతి దగ్గర డ్యూక్ గారి పనిమనిషైనా, వీధిలో పళ్ళమ్మేదైనా ఒకటే. ఆ పద్ధతి క్రూరమైనదే, కానీ అందులో ఒక నిజాయితీ ఉంది. మా శక్తి ఇంతే అని పైకి ఒప్పుకోవడం అది.

బిడ్డని వదిలేటప్పుడు తల్లులు ఏదో ఒక గుర్తు పెట్టి వెళ్ళేవాళ్ళు. ఒక గుడ్డ ముక్క, రిబ్బను, సగం విరిచిన నాణెం, అలాంటివి. ఎప్పుడైనా తిరిగొచ్చి అడిగితే ఏ బిడ్డ ఎవరిదో తెలియాలి కదా. ఆ గుడ్డ ముక్కలు సుమారు ఐదు వేలు ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. 1741 నుంచి 1760 దాకా చేరిన 16 వేల పైచిలుకు బిడ్డల్లో తిరిగి ఇంటికి వెళ్ళినవాళ్ళు మాత్రం 152 మంది.

మరి కోరమ్ ఏమయ్యాడు? ఏరు దాటాక తెప్ప తగలేసినట్టే అయ్యింది. సంస్థ లోపలి వ్యవహారాల మీద, కొందరు గవర్నర్ల మీద పుకార్లు లేచాయి. వాటిని ప్రచారం చేసినవాళ్ళలో కోరమ్ ఉన్నాడని విచారణలో తేల్చారు. ఆయన మాట కటువు, ఓడ మీద పెరిగిన మనిషి, పెద్దమనుషుల మధ్య నాజూకుగా మాట్లాడటం రాదు. 1742 మేలో జరిగిన ఎన్నికలో జనరల్ కమిటీలో ఆయనకి చోటు దక్కలేదు. తను పుట్టించిన సంస్థలోనే ఆయన మాట చెల్లకుండా పోయింది. అయినా ఆయన రావడం మానలేదు. పిల్లలకి బాప్తిస్మం ఇచ్చే రోజున వచ్చి నిలబడేవాడు, ఇరవై మందికి పైగా బిడ్డలకి గాడ్‌ఫాదర్ అయ్యాడు. చివరి రోజుల్లో చేతిలో డబ్బుల్లేవు, మిత్రులు చందాలు వేసి పింఛను ఏర్పాటు చేశారు. 1751 మార్చి 29న పోయాడు. అప్పుడు మాత్రం హాస్పిటల్ చాపెల్‌లోనే గౌరవంగా సమాధి చేశారు.

ఇక్కడ తొందరపడి బోర్డుని విలన్‌ని చేయొద్దు. వాళ్ళు చేసిన మంచి పనులు చిన్నవి కావు. బ్లూమ్స్‌బరీలో స్థలం కొని పెద్ద భవనం కట్టారు. చిత్రకారుడు విలియమ్ హోగార్త్ గవర్నర్‌గా ఉండి, తోటి చిత్రకారులతో కలిసి బొమ్మలు ఇచ్చాడు. ఆ బొమ్మలు చూడటానికి కలిగినవాళ్ళు వచ్చేవాళ్ళు, వచ్చినవాళ్ళు విరాళం ఇచ్చేవాళ్ళు. సంగీతకారుడు హాండెల్ 1750 నుంచి తన 'మెస్సయ్య'ని చాపెల్‌లో పాడించి వేల పౌండ్లు తెచ్చిపెట్టాడు. ఆయన్ని కూడా గవర్నర్‌ని చేశారు. ఈ రోజు మనం చూసే చారిటీ షో, ఎగ్జిబిషన్, సెలబ్రిటీ ట్రస్టీ లాంటివన్నీ అప్పుడే వాళ్ళు చేసి చూపించారు.

పిల్లల పెంపకంలోనూ బుర్ర పెట్టారు. చేరిన బిడ్డని లండన్ పొగలో ఉంచకుండా పల్లెటూరికి పంపి, పాలిచ్చే దాది ఇంట్లో నాలుగైదేళ్ళు పెంచేవాళ్ళు. దాదికి వారానికింత అని జీతం. బిడ్డ ఏడాది దాటి బతికితే పైన బహుమానం. దాదులు బిడ్డల్ని ఎలా చూస్తున్నారో గమనించడానికి ఆ ఊళ్ళలోనే ఇన్‌స్పెక్టర్లు ఉండేవాళ్ళు, వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. విలియమ్ కాడొగన్ అనే డాక్టర్ 1748లో పసిబిడ్డల పెంపకం మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. అది ఒక గవర్నర్‌కి రాసిన ఉత్తరం రూపంలో ఉంటుంది. బిడ్డని గట్టిగా గుడ్డలో చుట్టేయొద్దు, తల్లిపాలే ఇవ్వండి అన్నాడు. ఆ కాలానికి అవి కొత్త మాటలు.

ఇంత చేసినా, 1741 నుంచి 1756 దాకా చేరిన 1,384 మందిలో సగం మందికి పైగా చనిపోయారు. మీకు ఘోరంగా అనిపించొచ్చు. కానీ లండన్ పేదల ఆశ్రమాల్లో చేరిన పసిబిడ్డల్లో దాదాపు ఎవరూ మిగలని చోట్లు ఉండేవి. వాటితో పోలిస్తే సగం మంది బతకడం పెద్ద విషయమే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వచ్చాం. 1756లో గవర్నర్లు డబ్బు కోసం పార్లమెంటుని అడిగారు. పార్లమెంటు 10,000 పౌండ్లు ఇస్తానంది. షరతు ఏంటంటే, వయసు పరిమితి లోపు ఉన్న ఏ బిడ్డ వచ్చినా చేర్చుకోవాలి. బంతులుండవు, ఎంపిక ఉండదు. నల్ల బంతి తీసిన తల్లి మొహం చూసి చూసి అలిసిపోయిన వాళ్ళకి ఇది వరంలా అనిపించి ఉంటుంది.

1756 జూన్ 2న గేటు దగ్గర ఒక బుట్ట వేలాడదీశారు. మొదటి రోజే 117 మంది పిల్లలు వచ్చారు. దీన్ని 'జనరల్ రిసెప్షన్' అన్నారు. రెండు నెలలుగా ఉన్న వయసు పరిమితి ఆ తర్వాత ఆరు నెలలైంది, ఇంకొన్నాళ్ళకి ఏడాదికి పెరిగింది. ఈ కబురు దేశమంతా పాకింది. దూరపు జిల్లాల నుంచి, డబ్బులు తీసుకుని పసిబిడ్డల్ని లండన్ చేరవేసే మనుషులు తయారయ్యారు. బుట్టల్లో, గుర్రాల మీద, బళ్ళలో తెచ్చేవాళ్ళు. దారిలోనే ఎంతోమంది పోయారు. ఊరి అధికారులు తమ ఖర్చు తప్పించుకోవడానికి, పేద తల్లి దగ్గరున్న బిడ్డని కూడా లాక్కొచ్చి ఇక్కడ వదిలేసిన ఉదంతాలు ఉన్నాయి. ప్రాణం పోయే దశలో బిడ్డని తెచ్చి బుట్టలో పెట్టి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు, కనీసం పాతిపెట్టే ఖర్చైనా తప్పుతుందని.

లోపల పరిస్థితి ఏంటి? డబ్బుంది. కానీ పాలిచ్చే తల్లులు డబ్బుతో రాత్రికి రాత్రి పుట్టరు కదా. అసలు సమస్య ఇదే. పసిబిడ్డ బతకాలంటే పాలు కావాలి, ఎత్తుకునే చేతులు కావాలి. దాదులు చాలలేదు. ఆక్‌వర్త్, ష్రూస్‌బరీ లాంటి చోట్ల కొత్త శాఖలు తెరిచారు. అయినా వచ్చే ప్రవాహానికి ఏదీ సరిపోలేదు.

నాలుగేళ్ళు కూడా నిండకముందే, 1760 మార్చి 25న, పార్లమెంటే దీన్ని ఆపేసింది. అప్పటికి చేరినవాళ్ళు 14,934 మంది. వాళ్ళలో పెరిగి పనిలో చేరే వయసు దాకా బతికినవాళ్ళు సుమారు 4,400 మంది. అంటే ప్రతి పది మందిలో ముగ్గురే. ఆఖరున చేరిన బిడ్డకి బోర్డు పెట్టిన పేరు కిట్టీ ఫినిస్. ఫినిస్ అంటే లాటిన్‌లో సమాప్తం. ఒక పసిపిల్లకి పెట్టే పేరా అది? ఆ పేరు చూస్తే, లోపలివాళ్ళు ఎంత అలిసిపోయారో నాకు అర్థమైంది.

ఈ బోర్డులోనే జోనాస్ హాన్‌వే అనే ఒక వ్యాపారి ఉండేవాడు. లండన్‌లో గొడుగు వేసుకు తిరిగిన తొలి మగవాళ్ళలో ఒకడని ఆయన్ని చెప్పుకుంటారు. 1759లో, తలుపులు ఇంకా తెరిచి ఉండగానే, ఈ పద్ధతి తప్పని పుస్తకమే అచ్చేశాడు. అంతటితో ఊరుకోలేదు. లండన్ పేటలన్నీ తిరిగి, పేదల ఆశ్రమాల్లో ఎంతమంది పసిబిడ్డలు చేరారు, ఎంతమంది పోయారు అని లెక్కలు తీశాడు. ఆ లెక్కల పుణ్యమా అని 1762లో ఒక చట్టం వచ్చింది, పేద బిడ్డల రిజిస్టర్ ప్రతి పేటలో ఉండాలని. 1767లో ఇంకో చట్టం వచ్చింది, లండన్ పేటల ఖర్చుతో పెరిగే ఆరేళ్ళ లోపు పిల్లల్ని నగరం బయటికి పంపి దాదుల దగ్గర పెంచాలని. రిజిస్టర్ రాయడం అంత చిన్న పనిలా కనిపిస్తుంది కానీ, పోయిన బిడ్డ పేరు ఒక కాగితం మీద ఉంటే ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి వస్తుంది.

సరే, కుర్చీ సంగతి. కోరమ్ ఉండి ఉంటే 1756లో ఆపేవాడు అని నేననను. ఆయన స్వభావానికి ఆ బుట్టని ముందు ఆయనే వేలాడదీసేవాడేమో. జాలి ఆయన బలం. కానీ అధ్యక్షుడి పని జాలితో అయిపోదు. పిల్లల సంస్థకి అధ్యక్షత వహించేవాళ్ళకి ఒక చిత్రమైన ఇబ్బంది ఉంటుంది. కంపెనీ తప్పు చేస్తే కొనేవాడు మానేస్తాడు, పంచాయతీ తప్పు చేస్తే ఓటు పడదు. ఇక్కడ ఎవరి కోసం ఇదంతా నడుస్తోందో ఆ బిడ్డకి నోరు లేదు, ఓటు లేదు, ఫిర్యాదు రాయలేదు. మీటింగ్‌లో బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరో ఒకరు ఆ బిడ్డ తరఫున అడగాలి. వేరే ఎవరూ అడగకపోతే అధ్యక్షుడే అడగాలి.

ఏం అడగాలి? నా దృష్టిలో మూడు ప్రశ్నలు. ఈ నెల ఎంతమంది పిల్లలు చేరారు, వాళ్ళలో ఈ రోజు ఎంతమంది క్షేమంగా ఉన్నారు? ఒక్కో పసిబిడ్డకి ఎన్ని చేతులున్నాయి? ఇచ్చే డబ్బు వెనకాల ఉన్న షరతుని మన చేతులు మోయగలవా? మూడోదానికి జవాబు "లేదు" అయితే, ఆ మాట దాత మొహం మీద చెప్పగలగాలి. పెద్ద పేరున్న మనిషిని ఆ కుర్చీలో కూర్చోబెట్టడానికి అసలు కారణం అదే కావాలి. చిన్న మనిషి "లేదు" అంటే ఎవరూ వినరు. డ్యూక్ అంటే పార్లమెంటైనా కాసేపు ఆగుతుంది.

మన దగ్గర 2015 బాల న్యాయ చట్టం ప్రకారం, సంరక్షణ అవసరమైన పిల్లల్ని ఉంచుకునే ప్రతి సంస్థా రిజిస్టర్ కావాల్సిందే. చట్టం ఒక గీత గీస్తుంది. ఆ గీత లోపల రోజూ ఏం జరుగుతోందో చూడాల్సింది మాత్రం కమిటీలో కూర్చున్న మనుషులే. మీలో చాలామంది ఇప్పటికే ఏదో ఒక సేవా సంస్థకి వాలంటీర్లుగా వెళ్తుంటారు. రేపు మిమ్మల్నే "కమిటీలో ఉండండి, అధ్యక్షులుగా ఉండండి" అని అడగొచ్చు. అది శాలువా కప్పించుకునే పదవి అనుకుని ఒప్పుకోకండి. ముందు రిజిస్టర్ చూపించమనండి. పిల్లల గదులు చూడండి. రాత్రి పూట ఎంతమంది ఆయాలుంటారో అడగండి. ఆ తర్వాత ఒప్పుకోండి.

లండన్‌లోని ఆ భవనం ఇప్పుడు లేదు. 1926లో స్థలం అమ్మేసి పిల్లల్ని ఊరి బయటికి మార్చారు, తర్వాత భవనాన్ని పడగొట్టారు. సంస్థ మాత్రం కోరమ్ పేరుతో ఈ రోజుకీ పిల్లల కోసం పనిచేస్తోంది. పక్కనే మ్యూజియం ఉంది, తల్లులు వదిలిన ఆ గుర్తులు కొన్ని అక్కడ చూడొచ్చు. పాత స్థలంలో కొంత భాగం కోరమ్స్ ఫీల్డ్స్ అనే ఆటస్థలం అయ్యింది. అక్కడ ఒక రూలుంది. పెద్దవాళ్ళు ఒంటరిగా లోపలికి రాకూడదు, వెంట ఒక పిల్లో పిల్లాడో ఉండాలి. డ్యూక్ అయినా సరే, బయటే ఆగాలి.

ఈ ఎపిసోడ్ ఇంతటితో పూర్తయింది. ఏదైనా పిల్లల సంస్థ కమిటీలో ఉన్నవాళ్ళు మీకు తెలిస్తే, వాళ్ళకి ఇది పంపండి. మళ్ళీ కలుద్దాం.